ఒక అట్టలో రెండు పుస్తకాలు

మా పైవాటాలో ఉండే చీటీలమ్మ ఒకచోట కాలు నిలిపే మనిషి కాదని మా వీధిలో అందరికీ తెలుసు. కానీ ఆ నెలలో ఆవిడ నడక వింటే మా పైకప్పు అరిగిపోతుందేమోనని నాకు బెంగ పట్టుకుంది. నేను పొద్దున్నే టీకి నీళ్లు పెట్టేసరికి నెత్తి మీద చెప్పుల చప్పుడు మొదలయ్యేది. వంటింటి నుంచి బాల్కనీకి పదకొండు అడుగులు, బాల్కనీ నుంచి వంటింటికి మళ్లీ పదకొండు. మధ్యలో ఒక్కోసారి ఆగేది. హమ్మయ్య, కూర్చుంది అనుకునేలోపు మళ్లీ మొదలు. మా ఆయన పేపరు దించి, ఆవిడ ఇల్లు దాటకుండానే ఇంకో ఊరు చేరేట్టుందే అన్నాడు. నేను కాలుకాలిన పిల్లిని చూశాను గానీ, కాలుకాలిన గుమాస్తాను అప్పుడే చూడటం.

చీటీలమ్మ అన్న పేరు నేను పెట్టిందే. పదిహేడేళ్ల క్రితం తండ్రీకూతుళ్లు మా పైవాటాలోకి దిగినరోజు మంచాలు రెండు వచ్చాయి, గిన్నెల బుట్టలు మూడు వచ్చాయి, చెప్పుల డబ్బాలు మాత్రం ముప్పై దాకా వచ్చాయి. ఇన్ని చెప్పులు ఎవరు తొడుగుతారమ్మా అని అడక్కుండా ఉండలేకపోయాను. ఆవిడ ఒక మూత తీసి చూపించింది. లోపల అరచెయ్యంత చీటీలు, గీత గీసినట్టు వరసగా నిలబెట్టి, ఒక్కోదాని మీద చీమలబారులాంటి రాత.

ఆవిడది సంగీత గ్రంథాలయంలో ఉద్యోగం. రెండొందల ఏళ్ల కిందట బతికిన ఒక గొప్ప స్వరకర్త ఉన్నాడట. ఆయన రాసిన సంగీతం ఆయన బతికుండగానూ, పోయిన కొత్తలోనూ పుస్తకాలుగా అచ్చయింది. ఆ అచ్చుల్లో ఏది మొట్టమొదటిది, ఏది రెండోది, ఎవరు ఏ వీధిలో అచ్చేశారు, ఎన్ని పేజీలు, ఏ కాగితం అని ఒక్కో కాపీకీ ఒక్కో చీటీ రాయడం ఆవిడ పని. అన్నీ రాసయ్యాక ఆ చీటీలన్నీ కలిపి పెద్ద జాబితా పుస్తకంగా వేస్తారు. పంతొమ్మిదేళ్లు ఆ ఒక్క పనే చేసింది. ఆ స్వరకర్తని 'పెద్దాయన' అనేది. నాకీ సంగతి తెలియని రోజుల్లో, "పెద్దాయనవి ఇంకా రెండు దొరకలేదు పిన్నిగారూ" అని ఆవిడ మెట్ల మీద దిగులుపడితే, వాళ్ల నాన్న కళ్లజోళ్లు పోయాయనుకుని మా ఇంట్లో సోఫా కింద కూడా వెతికాను.

అంత చేసే మనిషికి కూనిరాగం కూడా రాదు. అడిగితే, పాడటం రాదు, వినడం అంతంత మాత్రం, చూడటం మాత్రం వచ్చు అనేది. చూడటం అంటే ఏమిటో నాకు డాబా మీద తెలిసింది. సెలవురోజు బట్టలు ఆరేద్దామని పైకి వెళితే నా తీగల నిండా, నా క్లిప్పులతోనే, ఆవిడ చీటీలు వేలాడుతున్నాయి. దూరంగా నిలబడి చూస్తే వరస తెలుస్తుందట. ఇంత వచ్చాక ఊరుకుంటానా. తడిబట్టల బకెట్టు కింద పెట్టి, ఏ వరస, ఎందుకు వరస అని మొదలుపెట్టాను.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఆ రోజుల్లో సంగీతం అచ్చేయాలంటే లోహపు రేకు మీద స్వరాల గుర్తులన్నీ చెక్కేవారట. సిరా పూసి, తుడిచి, తడికాగితం వేసి నొక్కేవారు. వందలసార్లు నొక్కితే రేకు అలిసిపోయి ఎక్కడో పగులిస్తుంది. ఆ పగులు కూడా ఇంత సిరా తాగి, కాగితం మీద వెంట్రుకంత గీతగా పడుతుంది. ఇంకో రెండొందల కాపీలు తీసేసరికి ఆ గీత పొడుగవుతుంది. అంచేత గీత లేని కాపీ ముందు పుట్టింది, పొట్టి గీతది దాని తర్వాత, పొడుగు గీతది ఆఖరున. పగులు పెరగడమే గానీ తిరిగి అతుక్కోదు పిన్నిగారూ, అందుకే దాన్ని నమ్మొచ్చు అంది. నాకెందుకు తెలియదూ, మా వంటింటి గోడ నాకు రోజూ చెప్పే పాఠం అదే.

ఇక ఆవిడ తండ్రి. ఆయనకి ఎనభై నాలుగు. అదే గ్రంథాలయంలో ముప్పై ఎనిమిదేళ్లు బైండరుగా చేసి దిగిపోయాడు. మా మనవలు ఆయన్ని జిగురు తాతయ్య అంటారు. ఆయన ఎడమచేతివాటం మనిషి. కత్తి, సూది, చెంచా అన్నీ ఆ చేతికే. ఎవరింట్లో పుస్తకం చిరిగినా ఆయన ఒళ్లో పడేస్తే మర్నాటికి కొత్తదై తిరిగొచ్చేది. మనిషికి మాట పొదుపు. ఒక్క మాట మాత్రం సందర్భం ఉన్నా లేకపోయినా చెప్పేవాడు: నా చేతిలో పడ్డ పుస్తకం ఒక్కటీ కుంటిదై బయటికి పోలేదమ్మా అని. ఉద్యోగం దిగిపోయిననాడు సభలో అప్పటి డైరెక్టరు అన్న మాట అది. ఆ సభ ఫోటో వాళ్ల ముందుగదిలో ఉంది. దానికి పటం కట్టింది కూడా ఆయనే.

జాబితా అచ్చుకి ఇవ్వడానికి ఇంక ఇరవై ఆరు రోజులుందనగా ఆ నడక మొదలైంది. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదోరోజు ఆవిడ ఆఫీసు నుంచి వచ్చేవేళకి మెట్ల మీద కూర్చుని వత్తులు నలుపుతున్నట్టు నటించాను. పక్కనే చోటుంటే కూర్చోమన్నాను. కూర్చోలేదు. రెండు మెట్లు ఎక్కుతూ, ఒక మెట్టు దిగుతూ చెప్పింది.

గ్రంథాలయం హాల్లో అద్దాల పెట్టెలో ఒక పుస్తకం ఉంది. పెద్దాయన రాసిన ఆరు వాద్య రచనల తొలి అచ్చు. ప్రపంచంలో పదిహేనో పదహారో మిగిలినవాటిలో మచ్చ లేనిది ఇదొక్కటేనని పేరు. జాబితా పుస్తకం మొదటి పేజీలో దాని బొమ్మ వేయాలని డైరెక్టరు ఎప్పుడో తీర్మానించేశాడు. ఆ బొమ్మ తీయడానికని దాన్ని అద్దంలోంచి బయటికి తీసినప్పుడు ఈవిడ మరోసారి పేజీ పేజీ చూసింది. మూడో పేజీలో పగులు గీత ఉంది, బొటనవేలంత. అంటే అది చాలా కాపీలు తీశాక అచ్చయిన కాగితం. ఇరవయ్యో పేజీలో మొదట్లో దొర్లిన తప్పు స్వరం అలాగే ఉంది. అంటే అది మొదట్లో అచ్చయిన కాగితం. ఆ తప్పుని రేకు మీద దిద్దింది పగులు రాకముందే అని వేరే ఊళ్లలోని పద్నాలుగు కాపీల ఫోటోలు చెబుతున్నాయి. దిద్దిన తప్పు మళ్లీ తప్పవదు, పగిలిన రేకు మళ్లీ బాగవదు. ఈ రెండు కాగితాలూ ఒక్క పుస్తకంలో పుట్టే వీల్లేదు.

ఒకే నోట్లో పాలపళ్లూ కట్టుడుపళ్లూ ఉన్నట్టా అన్నాను. అంతే పిన్నిగారూ అంది. నవ్వలేదు.

అయితే ఎవరో రెండు పుస్తకాల్లోంచి ఒకటి చేశారన్నమాట, ఎవరో కనుక్కో మరి అన్నాను. ఆవిడ మెట్టు మీద ఆగిపోయింది. కుట్టు విప్పకుండానే సందులోంచి దారం కనిపించిందట. ముడి తిరగాల్సిన వైపు కాకుండా రెండోవైపు తిరిగి ఉంది. ఎడమచేతి ముడి. చిన్నప్పుడు రోజూ పొద్దున్న బడికెళ్లేముందు ఆవిడ రెండు జడలకీ పడ్డ ముడి.

ఆ తర్వాత ఆగలేక ఇంకో నాలుగు పుస్తకాలు తీసి చూసింది. వాటిలో రెండింటికి అదే ముడి, అవే పాలపళ్లూ కట్టుడుపళ్లూ. ఇంకెన్ని ఉన్నాయో తెలియదు. తెలిసినవాడు ఒక్కడే. ఆయన్ని అడగాలి. అడిగితే ఆయన జన్మలో చేసిన మంచిపనే తప్పని చెప్పినట్టు. అడక్కపోతే పంతొమ్మిదేళ్లు రాసిన చీటీల్లో ఏది నిజమో ఆవిడకే తెలియకుండా అచ్చుకి పోతుంది. "ఆయనకి చెప్పకండి పిన్నిగారూ" అని నా చెయ్యి పట్టుకుంది. సరేనన్నాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు, వీధికీ తెలుసు. అయినా ఆరు రోజులు నానబెట్టాను. నా లెక్కలో అది చాలా ఎక్కువ. ఈలోపు పైన నడక పెరిగింది. ఆవిడ ఉప్పు అడగడానికి వచ్చి ఉప్పు మర్చిపోయి వెళ్లేది. తాళంచెవి తలుపుకే వదిలేసి ఆఫీసుకి పోయేది. బస్సులో రెండు స్టాపులు దాటి దిగి, వెనక్కి నడిచొచ్చేది. ఏడోరోజు మధ్యాహ్నం జిగురు తాతయ్యకి టీ ఇవ్వడానికి వెళ్లి, ఏమీ ఎరగనట్టు, అన్నయ్యగారూ, పూర్వం పాడైపోయిన పుస్తకాలని ఎలా బాగుచేసేవారండీ అని అడిగాను. అదొక్కటే అడిగాను, ఒట్టు.

ఆయన ఆ పూట మాట్లాడినంత నా ఎరుకలో ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక ఏడు నేలమాళిగలో నీళ్లపైపు పగిలిందట. మూడు బీరువాల పుస్తకాలు రాత్రంతా నానాయి. నెలాఖరుకల్లా వాయించేవాళ్ల చేతికి పుస్తకాలు అందాలి అని అప్పటి డైరెక్టరు చెప్పి వెళ్లిపోయాడు. ఈయన ఒక్కడే పేజీలన్నీ ఆరబెట్టాడు. ఒకే పుస్తకం రెండు కాపీలుంటే, ఒకదాంట్లో మొదటి సగం పోయింది, ఇంకోదాంట్లో రెండో సగం పోయింది. మంచివన్నీ ఏరి ఒకటి కుట్టాడు. ఎవరికీ తేడా తెలియలేదు. చెబుతుంటే ఆయన ఎడమచెయ్యి గాల్లో కుడుతూనే ఉంది. చెప్పడం అయ్యాక టీగ్లాసు పక్కన పెట్టి, ఇదెందుకు అడిగావు చెల్లెమ్మా అన్నాడు. నేను తేలుకుట్టిన దొంగలా గ్లాసు తీసుకుని కిందికి వచ్చేశాను. చెప్పలేదు నిజమే, కానీ నా మొహం ఉంది చూశారూ, అది నాకంటే వాగుడుకాయ.

ఆ సాయంత్రం ఖాళీ గిన్నె తిరిగిచ్చే నెపంతో పైకి వెళ్లాను. తలుపు తీసే ఉంది. ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆవిడ ఇంకా భుజాన సంచి తియ్యలేదు.

"నేను కుట్టిన పుస్తకంలో తప్పేంటే?" అని అడుగుతున్నాడు ఆయన.

ఆవిడ నా వంక చూసింది. నేను గిన్నె వంక చూశాను.

"కుట్టులో తప్పు లేదు నాన్నా. ఒక అట్టలో రెండు పుస్తకాలున్నాయి."

"చచ్చేవి రెండు, బతికింది ఒకటి. అదే పని డాక్టరు చేస్తే చేతులెత్తి మొక్కుతారు."

"డాక్టరు ఎవరి కాలు ఎవరికి పెట్టాడో రాసిపెడతాడు నాన్నా."

ఆయన చాలాసేపు బల్ల చెక్కని గోటితో గీశాడు. ఆపైన మెల్లిగా అన్నాడు, "రాయడం వచ్చుంటే నేను బైండరెందుకవుతానే."

మూడో తరగతి దాటని మనిషిని నేను. ఆ మాట నాకూ తగిలింది. గిన్నె బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత మూడురోజులు తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. ఆవిడ టిఫిను పెట్టి వెళ్లేది, ఆయన తినేవాడు. పైన నడక ఒక్కళ్లది కాస్తా ఇద్దరిదైంది. ఆవిడవి చకచకా, ఆయనవి ఈడ్చుకుంటూ. ఒకరు బాల్కనీలో ఉంటే రెండోవాళ్లు వంటింట్లో. మా ఆయన ఇక పేపరు కూడా దించకుండా, గుర్రప్పందెం ఎవరు గెలుస్తున్నారు అని అడిగేవాడు. నాకు నవ్వొచ్చే పరిస్థితి లేదు. నిప్పు పెట్టింది నేనే కదా.

నాలుగోరోజు ఆవిడ ఆఫీసుకి వెళ్లాక ఆయన కిందికి దిగొచ్చాడు. ఉతికిన చొక్కా, జేబులో కళ్లజోడు, చేతిలో బట్టలో చుట్టిన కత్తి. "గ్రంథాలయం మెట్లు ఎక్కాలి చెల్లెమ్మా, చెయ్యి ఇస్తావా" అన్నాడు. కత్తి ఎందుకన్నయ్యగారూ అని అడిగాను. అలవాటు అన్నాడు.

గ్రంథాలయం గురించి ఏదో మహల్ అనుకున్నాను గానీ, లోపల ఇనుప బీరువాలు, గచ్చు నేల, పాత కాగితం వాసన. చీటీలమ్మ గది మెట్ల కింద. కిటికీ ఉంది గానీ దాన్నిండా డబ్బాలే. తండ్రి గుమ్మంలో కనబడగానే ఆవిడ లేచి నిలబడింది. ఆయన, ఏవీ, పట్రా అన్నాడు. అంతే. క్షమించమనీ లేదు, కోపమూ లేదు.

నీళ్లలో నానిన బీరువాల పుస్తకాలన్నీ ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చాయి. ఆయన తెరవను కూడా తెరవలేదు. ఎడమ బొటనవేలితో పుస్తకం వీపు ఒక్కసారి నిమిరి, ఇది నాది, రెండు కలిపాను అంటాడు. ఇది నాదే, కానీ ఒకటే అంటాడు. ఒకదాన్ని నిమిరి, ఇదెవడో దున్నపోతు కుట్టాడు, తీసెయ్ అన్నాడు. ఆవిడ పక్కన నిలబడి రాసుకుంటోంది. ఆయన చెప్పిన ప్రతిదాన్నీ ఆవిడ మళ్లీ పేజీ పేజీ చూసేది. ఎక్కడా తప్పు పట్టలేకపోయింది. మధ్యాహ్నం దాటేసరికి కలిపినవి ముప్పై రెండు తేలాయి.

ఆఖరున అద్దాల పెట్టెలోది తెచ్చారు. వెనకే డైరెక్టరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మాట్లాడేముందు టై సవరించుకునే మనిషి. జిగురు తాతయ్య దాని వీపు నిమిరాడు. మళ్లీ నిమిరాడు. డైరెక్టరు వైపు చూశాడు. "ఇది ఒకటే. కలపలేదు" అన్నాడు.

డైరెక్టరు ఊపిరి వదిలాడు. చూశారామ్మా, కుట్టినాయనే చెబుతున్నారు, ఇంకేం కావాలి మీకు అన్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఒప్పేసుకో తల్లీ అని మనసులోనే దండం పెట్టాను. ఆయన పరువు దక్కుతుంది, నీ పుస్తకం వేళకి అచ్చవుతుంది, పైవాటాలో చప్పుడు తగ్గుతుంది. పైగా ఆ ఏడే ఆవిడ ఉద్యోగం దిగిపోవాలి. ఇంకో ఆరు నెలలు పొడిగిస్తానని డైరెక్టరు నోటిమాటగా అన్నాడట. ముందు నుయ్యి, వెనక గొయ్యి కాదు. ముందంతా చదునుగా ఉంది, అడుగు వేస్తే చాలు.

ఆవిడ గదిలో ఆ చివరికీ ఈ చివరికీ ఒకసారి నడిచింది. నాలుగడుగులే పడతాయి అక్కడ.

"నాన్న మాట ఇంట్లో నమ్ముతాను సార్. ఇక్కడ మూడో పేజీని నమ్మాలి. అట్ట విప్పి చూడాలి."

అద్దంలో పెట్టిన పుస్తకాన్ని కోయడమా అని డైరెక్టరు టై పట్టుకున్నాడు. కుదరదు, ఇది సంస్థ సొత్తు, మీ ఇంటి గొడవ కాదు అన్నాడు. ఆవిడ గొంతు పెంచలేదు. విప్పకపోతే చీటీ మీద 'అనుమానం' అని రాస్తాను, ఇరవై ఆరు దేశాలకి వెళ్లే జాబితాలో ఆ మాట శాశ్వతంగా ఉండిపోతుంది, మీ ఇష్టం అంది. డైరెక్టరు ఏదో అనబోయాడు. ఈలోపు బల్ల మీద చప్పుడైంది. ముసలాయన బట్టముడి విప్పుతున్నాడు.

"నా కుట్టు పక్కన అనుమానం అని రాస్తావే?" అన్నాడు కూతురితో. జవాబు కోసం ఆగలేదు. "విప్పితే నేనే విప్పాలి. ఇంకోడు విప్పితే కాగితం చిరుగుతుంది." ఇంకాసేపటికి, తల ఎత్తకుండానే, "ఇందాక చెప్పింది మర్చిపో" అన్నాడు.

డైరెక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వద్దని మాత్రం అనలేదు.

తడి దూది అట్ట లోపలివైపు అద్ది ఆయన వేచిచూశాడు. మళ్లీ అద్దాడు. గది నిండా ఏదో పుల్లటి వాసన. ఆ పాత బంక వాసన అది. అరగంటకి పైకాగితం మొగ్గ విచ్చినట్టు లేచింది. కింద అట్టకి అంటించి ఇంకో కాగితం ఉంది. దాని వెనక నుంచి సంగీతం గుర్తులు తిరగబడి కనబడుతున్నాయి, అద్దంలో చూసినట్టు.

అప్పుడు చెప్పాడు. ఈ పుస్తకంలోవే రెండు కాగితాలకి నీటిమరక పడి పనికిరాకుండా పోయాయట. వాటిని తీసేసి, ఇంకో కాపీలోవి శుభ్రమైనవి పెట్టాడు. తీసినవాటిని పారేయడానికి చెయ్యి రాలేదు. పెద్దాయన కాగితం కదా. అట్ట గట్టిపడుతుందని లోపల అంటించేశాడు. మిగతావాటిలోనూ అంతేనా అని ఆవిడ అడిగింది. అన్నిటిలోనూ అన్నాడు. పారేసింది ఒక్కటీ లేదు.

మొదటి కాగితం క్షేమంగా వచ్చింది. మూడో పేజీ. ఆవిడ భూతద్దం పెట్టి చూసింది. గీత లేదు. మూలన టీ ఒలికినట్టు గోధుమరంగు మరక, దాని కింద ఏడెనిమిది గుర్తులు మునిగిపోయి ఉన్నాయి. రెండో అట్టలోది మాత్రం రాలేదు. అక్కడ తొందరగా ఆరి గట్టిగా పట్టేసే వేడిబంక వాడాడట. ఎంత మెల్లిగా లాగినా నాలుగు పేలికలై వచ్చింది. ఆయన కత్తి పక్కన పెట్టి, ఆ పేలికల్ని అరచేతిలో వేసుకుని చూసుకుంటూ ఉండిపోయాడు. ఆ రోజు నీళ్ల బంక వాడి ఉంటే వచ్చేది, తొందరపెట్టారు నన్ను అన్నాడు. తొందరపెట్టిన ఆ డైరెక్టరు పోయి పదేళ్లయింది.

ఆవిడ ఇక కూర్చుంటుందేమో అనుకున్నాను. కూర్చోలేదు. చీటీ తీసుకుని నిలబడే రాసింది. రాసి, తండ్రికి చదివి వినిపించింది. ఇందులో రెండు కాగితాలు వేరే కాపీలోవి, బైండరు కలిపాడు, అసలు కాగితాల్లో ఒకటి అట్టలో దొరికింది, రెండోది ముక్కలైంది అని. ఆయన, రెండోది వేడిబంక వల్ల అని కూడా రాయి అన్నాడు. ఆవిడ రాసింది.

జాబితా మూడు నెలలు ఆలస్యమైంది. మొదటి పేజీలో అద్దాల పెట్టె పుస్తకం బొమ్మ వెయ్యలేదు, గ్రంథాలయం మేడ బొమ్మ వేశారు. పొడిగింపు కాగితం డైరెక్టరు బల్ల మీదే ఉండిపోయింది. ఆవిడ ఉద్యోగం చెప్పిన తేదీకే అయిపోయింది. మిగిలిన దిద్దుబాట్లు మా డాబా మీద చేసింది. నేను రెండో తీగ కూడా మొత్తం ఆవిడకే వదిలేసి, బట్టలు బాల్కనీలో ఆరేసుకున్నాను. పశ్చాత్తాపమో, కుతూహలమో, ఏదనుకున్నా సరే. ముప్పై మూడు చీటీలు తిరగరాయడం అంటే వాటి పక్కవాటిని కూడా తిరగరాయడమట. ఒక పుస్తకం వరస తప్పితే దాని చుట్టూ ఉన్నవన్నీ జరగాలి. ఆవిడ చీటీలు జరుపుతూ నడిచేది. ముసలాయన వారానికి ఒకరోజు గ్రంథాలయానికి వెళ్లి ఒక అట్ట విప్పి వచ్చేవాడు. ఇంకా ఇరవై ఉన్నాయి, నేనుండగా అవుతాయో లేదో అని గొణుక్కునేవాడు. పిలవడానికి డైరెక్టరుకి మొహం చెల్లక, అక్కడి గుమాస్తా చేత కబురు పంపేవాడు.

పుస్తకం వచ్చిననాడు పోస్టుమాన్ దగ్గర సంతకం పెట్టింది నేనే. ఇటుకంత ఉంది. పైకి తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ చేతులు తుడుచుకుని పేజీలు తిప్పింది. ఆయన పక్కన నిలబడి, నా ముడి ఎక్కడుందీ అని అడిగాడు. ముప్పై మూడు చోట్ల ఉంది నాన్నా అంటూ వేలు పెట్టి చూపించింది. ఆయనకి అక్షరాలతో పని లేదు. పుస్తకం తీసుకుని వీపు నిమిరాడు. మొహం ముడుచుకుంది.

"కుట్టలేదే దీన్ని. జిగురు పూసి వదిలేశారు. రెండేళ్లలో ఆకులు రాలతాయి" అన్నాడు.

ఆవిడ అడ్డుపడేలోపే కత్తి తెచ్చాడు. ఆ పంతొమ్మిదేళ్ల కష్టాన్ని వీపు మీద కోసి, పేజీలు విడగొట్టి, బల్ల మీద దొంతులు పెట్టాడు. ఆవిడ బల్ల చుట్టూ తిరుగుతోంది. ఒక దొంతి ఎత్తి పేజీల అంకెలు చూస్తుంది, దించుతుంది, ఇంకోటి ఎత్తుతుంది. ఏదీ అటూ ఇటూ మార్చకు నాన్నా అని పదోసారి చెప్పింది. ఆయన సూదిలో దారం ఎక్కించి, మొదటి కన్నం పొడవబోయి ఆగాడు.

"చీటీ తీసుకో" అన్నాడు. "ముందు అదీ. ఏ రోజు విప్పాను, ఎన్ని పేజీలున్నాయి, ఏ దారం వాడాను. రాశావా? రాశాక చెప్పు, అప్పుడు కుడతాను."